ఆ గాటు మొసలిది కాదు

"అది మొసలి కొరికిన గాటు కావచ్చు కదండీ?"

వెనక వరసలోంచి వచ్చిన ఆ మాటకి ఆమె చేయి కదిలి, తెర మీద ఉండాల్సిన లేజరు చుక్క ముందు వరసలో ఉన్న డైరెక్టరుగారి బట్టతల మీదికి వెళ్ళి కూర్చుంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

మ్యూజియంలో నెలకోసారి జరిగే మీటింగు అది. ఆమెది ఎముకల విభాగం. తెర మీద ఉన్నది జింకలాంటి ఒక జంతువు తొడ ఎముక. వయసు ఇరవై లక్షల ఏళ్ళ పైమాటే. దాని నడుమ భాగంలో పక్కపక్కనే సన్నటి గాట్లు. మన పూర్వీకులు రాళ్ళు చెక్కుకుని, వాటితో మాంసం కోసినప్పుడు ఎముకకు తగిలి పడిన గాట్లవి అని, మనుషులు పనిముట్లు చెయ్యడమూ మాంసం తినడమూ ఎలా మొదలైందో చెప్పే సాక్ష్యం ఇదేనని ఆమె అప్పుడే ముగించి, చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగింది.

చప్పట్లకు బదులు మొసలి వచ్చింది.

"మీరెవరండీ?" అంది ఆమె.

"నిన్ననే చేరానండి. రాతి పనిముట్ల విభాగం."

"నిన్న చేరి ఇవాళే మొసలిని తోడు తెచ్చుకున్నారా?"

హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. అతను నవ్వడమే ఆమెకి ఒళ్ళు మండించింది.

"ఎముక దొరికింది పాత నది ఒడ్డున అన్నారు కదా. ఆ నదిలో మొసళ్ళుండేవి. రాయి గాట్లూ మొసలి పళ్ళ గాట్లూ పైకి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అందుకని అడిగాను. మీ మాట తప్పని అనలేదు."

"ఒప్పని కూడా అనలేదు."

"అది మీరు చూపించాలి కదండీ."

డైరెక్టరుగారు తల తడుముకుంటూ లేచారు. "ఇద్దరూ కలిసే చూపించండి. కొత్త గ్యాలరీ తెరవబోతున్నాం. మధ్యలో పెట్టే అద్దాల పెట్టెలోకి ఈ ఎముకే అనుకుంటున్నాం. మనిషి కోశాడా, మొసలి కొరికిందా ఆలోపు తేల్చండి. తేలకపోతే స్టోర్ రూమ్‌కి పంపిద్దాం. ఏమ్మా?"

ఆమె 'సరే' అని లేజరు ఆపేసింది. రెండేళ్ళ పని అది. బురద గట్టిపడి రాయిలా అయిపోయిన ముద్దలోంచి ఆ ఎముకని సూదులతో, బ్రష్షులతో, పసిబిడ్డకి స్నానం చేయించినంత జాగ్రత్తగా బయటికి తీసింది తనే. స్టోర్ రూమ్‌కి వెళ్ళిన ఎముకలు మళ్ళీ వెలుగు చూడటం అరుదు.

మర్నాడు ఆమె ముఖం గంటు పెట్టుకునే అతని గదికి వెళ్ళింది.

అతను పొట్టి స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో మందపాటి తోలు పరుచుకుని, ఒక చేతిలో నల్లటి చెకుముకి రాయి, ఇంకో చేతిలో గుండ్రటి గులకరాయి పట్టుకుని ఉన్నాడు. కళ్ళకి అద్దాలు. జుట్టునిండా రాతి పొడి.

"రండి. ముందు అద్దాలు పెట్టుకోండి. పెచ్చులు ఎగురుతాయి."

"నేను చూడ్డానికే వచ్చాను."

"చూడ్డానికైనా కళ్ళు కావాలి కదండీ."

ఆమె అద్దాలు లాక్కుని పెట్టుకుంది. అతను గులకరాయితో చెకుముకి అంచు మీద ఒక్క దెబ్బ వేశాడు. గాజు చిట్లినట్టు చిన్న శబ్దం. ఆకులాంటి పల్చటి పెచ్చు ఒకటి తోలు మీద రాలింది. దాన్ని తీసి, టేబుల్ మీది కాగితానికి ఆనించి లాగాడు. కాగితం చప్పుడు లేకుండా రెండైంది.

ఆమె ముఖంలో గంటు ఎటు పోయిందో పోయింది. "ఏదీ, నాకివ్వండి."

మొదటి దెబ్బ రాయికి తగల్లేదు. రెండోది ఆమె వేలికే తగిలింది. మూడోది తగిలింది గానీ రాయి పట్టించుకోలేదు.

"గట్టిగా కొట్టక్కర్లేదు. ఎక్కడ కొట్టాలో చూసుకోవాలి. అంచు కొంచెం వంచి... ఆ, అలా. ఇప్పుడు కొట్టండి."

టింగుమంది. పెచ్చు లేచింది. వంకరటింకరగా, గోరంత. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"ఇన్నేళ్ళుగా గాట్లు చూస్తున్నాను. గాటు పెట్టే రాయిని చెయ్యడం ఇదే మొదటిసారి. చూడండి, ఎంత పదునో."

"చూశాను. చూస్తూనే ఉన్నాను" అన్నాడతను. అతను చూస్తున్నది రాయిని కాదు. ఆమె గమనించలేదు.

గాట్లు పోల్చాలంటే మాంసం ఉన్న ఎముక కావాలి. ఇద్దరూ మ్యూజియం వెనక వీధిలో ఉన్న మాంసం కొట్టుకి వెళ్ళారు. పెద్ద ఎద్దు కాలు ఒకటి అడిగారు.

"ఎలా కొట్టమంటారు?" అన్నాడు కొట్టాయన.

"కొట్టొద్దు. మేమే కోసుకుంటాం" అంది ఆమె.

"ఇంత కాలా? దేనితో కోస్తారు?"

"రాళ్ళతో" అన్నాడతను.

కొట్టాయన ఆమెని చూశాడు. అతన్ని చూశాడు. జాలిగా తల ఊపాడు. "కొత్త కాపురమా? పోనీ, ఇంట్లో సర్దుకునేదాకా ఒక కత్తి పట్టుకెళ్ళండి, తర్వాత తెచ్చిద్దురు గానీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "కాపురం కాదండీ, రిసెర్చి" అంది. కొట్టాయన "ఏదైతేనేం, మొదట్లో అలాగే ఉంటుంది" అని కాలు కట్టి ఇచ్చాడు. ఆ బరువు చెరోవైపు పట్టుకుని ఇద్దరూ దారంతా చెరో దిక్కు చూస్తూ నడిచారు. గేటు దగ్గరికి వచ్చాక మాత్రం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, కాలు కింద పెట్టేసి మరీ నవ్వారు.

లోపల పని మొదలయ్యాక ఆమెకి ఒళ్ళు తెలియలేదు. వేలెడంత పెచ్చు మాంసంలోకి వెన్నలోకి దిగినట్టు దిగుతోంది. కండ ఎముకని పట్టుకున్నచోట పెచ్చు కిర్రుమని ఎముకకి తగిలి, సన్నటి గీత పడుతోంది. పడ్డ ప్రతి గీతనీ ఆమె పేరు పెట్టి పిలిచినంత ప్రేమగా చూసుకుంటోంది.

"ఒక పరీక్ష చేద్దామా?" అన్నాడతను. పెద్ద పచ్చి మాంసం ముక్క ఒకటి నీళ్ళ కింద కడిగి నోట్లో వేసుకున్నాడు.

నమిలాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. దవడలు నొప్పి పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్క మాత్రం వేసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"రుచి ఎలా ఉంది?" అంది ఆమె.

అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె నవ్వు ఆపుకోలేక టేబుల్ పట్టుకుంది. ఆ తర్వాత అతను పెచ్చుతో మాంసాన్ని సన్నగా తరిగి వేసుకున్నాడు. ఈసారి గొంతు దిగింది.

"అదీ సంగతి. కోసే పని రాయి చేస్తే పళ్ళకి చాకిరీ తగ్గింది. తరతరాలకి దవడలు చిన్నవయ్యాయి. నోట్లో చోటు మిగిలింది. ఆ చోట్లోకి మాటలు వచ్చాయేమో."

"ఆఖరి ముక్కకి రుజువుందా?"

"లేదు. నా ఊహ."

"బావుంది. కానీ ఊహ అని చెప్పారు కాబట్టి బావుంది" అంది ఆమె.

ఇక మొసలి వంతు. మాంసం కోయగా మిగిలిన అదే ఎముకని తీసుకుని జూకి వెళ్ళారు. జూలో మొసలి కీపరు ముందే మాట్లాడి ఉంచిన మనిషే. ఎముకకి తాడు కట్టి, మొసలి ముందుకి జార్చి, "ఇక దాని ఇష్టం. పని తొందరని దానికి చెప్పినా వినదు" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మొసలి కదల్లేదు. వాన మొదలైంది. ఇద్దరికీ కలిపి ఒకే గొడుగు ఉంది, అది కూడా ఆమెది, అది కూడా చిన్నది. అతని ఎడమ భుజం తడుస్తోంది. ఆమె కుడి భుజం తడుస్తోంది. మధ్యలో తడవని చోటు మాత్రం వెచ్చగా ఉంది.

"అది మనవైపు చూడట్లేదు" అంది ఆమె.

"చూస్తోంది. చూడనట్టు నటిస్తోంది."

"మీకెలా తెలుసు?"

"మీరు నా గదిలోకి వచ్చినప్పుడల్లా నేను చేసేది అదే."

ఆమె గొడుగు అంచు నుంచి కారుతున్న నీళ్ళని చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి "వినిపించలేదు, వానలో" అంది.

"మళ్ళీ చెప్పనా?"

"వద్దు. ఒకసారి వినిపించకపోతే చాలు."

అతను నవ్వుతూ కటకటాల మీంచి కొంచెం వంగి చూశాడు, మొసలి కన్ను మెదిలిందేమోనని. అప్పుడే మెదిలింది. కన్ను కాదు, మొసలే. నీళ్ళు ఆకాశానికి లేచినట్టయింది. నోరు ఎముక మీద టప్పున మూసుకుంది. ఆమె గొడుగు వదిలేసి అతని కాలర్ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇటు రా. నీకేమైనా పిచ్చా? తల లోపల పెట్టి చూస్తావా?"

ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. గొడుగు మొసలి గుంటలో పడింది. అతను ఊపిరి తీసుకుంటూ, "మీరు నన్ను నువ్వు అన్నారు" అన్నాడు.

"అనలేదు."

"అన్నారు. 'ఇటు రా' అన్నారు. 'నీకు పిచ్చా' అన్నారు."

"కంగారులో అన్నాను."

"మొసలికి నా తరఫున ఒక దండం. నేను కూడా నువ్వు అనొచ్చా?"

ఆమె తడిసిన జుట్టు పిండుకుంది. తర్వాత, "ఎముక మింగేస్తుందేమో చూడు" అంది. 'చూడు' అంది. అతనికి అది చాలు.

మొసలి ఎముకని కాసేపు కొరికి, కుదిపి, విసుగొచ్చి వదిలేసింది. కీపరు పొడవాటి కొక్కెంతో ఎముకనీ, గొడుగులో మిగిలిన కడ్డీలనీ తీసి ఇచ్చాడు.

గాట్లను మైక్రోస్కోపు కింద చూడాలంటే ముందు వాటి అచ్చు తీయాలి. దానికి పళ్ళ డాక్టర్లు అచ్చులు తీసే పేస్టుకి మించింది లేదు. ఆమెకి ఆ పేస్టుకి కొదవ లేదు. వాళ్ళమ్మ పళ్ళ డాక్టరు. మ్యూజియం పక్క సందులోనే క్లినిక్కు.

పేస్టు కోసం ఆమె ఫోన్ చేసినప్పుడు చేతులు బురదగా ఉండి స్పీకరు పెట్టింది. అతను పక్కనే ఉన్నాడు.

"పాలపన్నూ, మళ్ళీ పేస్టా? నా పేషెంట్ల కంటే మీ జింకకే ఎక్కువ పోస్తున్నావు కదే" అంది వాళ్ళమ్మ.

"అమ్మా, ఆఫీసులో ఉన్నాను."

"ఉంటే ఏం? ఆ రాళ్ళబ్బాయి ఉన్నాడా? ఎలా ఉంటాడన్నావు? పై వరస కొంచెం వంకర, నవ్వితే మాత్రం బావుంటుంది అన్నావు, అతనేనా?"

ఆమె మోచేత్తో ఫోన్ ఆపే ప్రయత్నంలో ఫోన్‌ని టేబుల్ కిందికి తోసింది. అతను వంగి తీసి ఇస్తూ, నవ్వొచ్చినా పెదాలు గట్టిగా బిగించుకున్నాడు.

"నవ్వు. ఎందుకు ఆపుకుంటావు?" అంది ఆమె.

"వంకర కనిపిస్తుందేమోనని."

"పాలపన్ను అని బయట ఎక్కడైనా అన్నావో..."

"నేనెందుకంటాను, డాక్టర్ పాలపన్ను గారూ."

ఆమె బురద చేత్తోనే అతని వెంట పడింది.

ఆ వారం అంతా అలాగే గడిచింది. పాత ఎముక గాట్ల అచ్చులు, ఎద్దు ఎముక మీద రాయి గాట్ల అచ్చులు, మొసలి గాట్ల అచ్చులు వరసగా ఆరాయి. సోమవారం ఆమె గ్యాలరీ పని మీద వడ్రంగులతో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు, అతను ఒక్కడే అచ్చుల్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు.

రాయి గాటు లోపల అడుగున పదునుగా ఉంటుంది, వెంట్రుకల్లాంటి సన్నటి గీతలుంటాయి. మొసలి పంటి గాటు అడుగున గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పాత ఎముక గాట్లు ఒక్కొక్కటే చూశాడు. గుండ్రంగా ఉన్నాయి. నున్నగా ఉన్నాయి. ఆమె అంతమంది ముందు చూపించిన ఆ వరస, మొసలిదే.

తను అడిగిన ప్రశ్నే నిజమైంది. అయినా అతను అచ్చులన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

అప్పుడే ఆమె చేతులకి చెక్కపొట్టుతో లోపలికి వచ్చింది. "అద్దాల పెట్టెకి కింది నుంచి లైటు పెడతారట. గాట్లు మెరుస్తాయి. ఏమైంది, చూశావా?"

అతను తెర మీద బొమ్మ మూసేశాడు. "అచ్చు సరిగ్గా రాలేదు. మళ్ళీ తీద్దాం."

మర్నాడు మైక్రోస్కోపు లైటు బాగాలేదన్నాడు. ఆ మర్నాడు తల నొప్పన్నాడు. శుక్రవారం ఆమె అతని కంప్యూటర్లో గ్యాలరీ ఫోటోలు వెతుకుతుంటే ఆ బొమ్మ కనిపించింది. చూడగానే ఆమెకి అర్థమైంది. పక్కనే తారీఖు కూడా ఉంది.

అతను కాఫీ కప్పులతో వచ్చేసరికి ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"ఇది ఎప్పుడు తీశావు?"

అతను కప్పులు కింద పెట్టాడు.

"అడుగుతున్నాను."

"సోమవారం."

"ఇవాళ శుక్రవారం."

"చెబుదామనే ఉన్నాను."

"ఎప్పుడు? గ్యాలరీ తెరిచాకా?"

"రెండేళ్ళు కష్టపడ్డావు. ఆ పెట్టె గురించి, లైట్ల గురించి అంత సంతోషంగా చెబుతుంటే, ఎలా చెప్పమంటావు?"

"నోటితో. మొదటిరోజు అంతమంది ముందు అడిగావే, అలా. ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ నీ మీద నమ్మకం కలిగింది కూడా ఆ రోజే. నా ముఖం చూసి మాట మార్చని మనిషి ఒకడు ఉన్నాడనుకున్నాను." ఆమె లేచింది. "అయ్యో పాపం అనడానికి నాకు చాలామంది ఉన్నారు. నిజం చెప్పేవాళ్ళే తక్కువ. వస్తానండి."

తిట్లన్నిటికంటే ఆ చివరి 'అండి' అతనికి ఎక్కువ తగిలింది.

ఆమె నేరుగా డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. "సార్, నేను చూపించిన గాట్లు మొసలివే. ఆయన అడిగింది సరైన ప్రశ్న. నేను చూడాలనుకున్నదే చూశాను" అని చెప్పింది.

డైరెక్టరుగారు తల ఊపారు. "సోమవారం సర్ది పంపించెయ్యమ్మా" అన్నారు, అంతే.

సోమవారం పొద్దున్న కూడా వానే. ఆమె ఎముకని పెట్టడానికి పెట్టెలో దూది పరిచింది. మూత వేసేముందు ఇంకోసారి చూడాలనిపించి టేబుల్ లైటు పక్కకి వంచింది. పక్కనుంచి పడిన వెలుగులో మొసలి గాట్లు కాలవల్లా నీడలు పరిచాయి. ఇన్నాళ్ళూ తను మురిసిపోయిన కాలవలు.

ఒక కాలవ అంచు దగ్గర ఆమె చూపు ఆగింది.

వెంట్రుక మందాన ఇంకో గీత. ఏటవాలుగా వచ్చి, కాలవ అంచున ఆగిపోయి, అవతలి ఒడ్డున మళ్ళీ మొదలై, కొంచెం దూరం వెళ్ళి మాయమైంది. ఆ పెద్ద గాట్ల హడావుడిలో దీన్ని ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు, అతనూ చూడలేదు.

ఆమె ఊపిరి బిగబట్టి పేస్టు పోసింది. అది గట్టిపడేదాకా గదిలో అటూ ఇటూ తిరిగింది, కుర్చీని గుద్దుకుంది, కుర్చీకి సారీ చెప్పింది. అచ్చు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

అడుగున పదును. లోపల సన్నటి గీతలు, వరసగా, తన చేత్తో ఎద్దు ఎముక మీద పెట్టిన గాట్లలో ఉన్నట్టే.

ఆమె ఎద్దు ఎముకని తెచ్చి పక్కన పెట్టింది. ముందు తాము కోశారు, తర్వాత మొసలికి ఇచ్చారు. అందులో కూడా రాయి గాటు మొసలి గాటు దగ్గర తెగి, అవతల మళ్ళీ మొదలవుతోంది. అదే తెగడం. అదే మొదలవడం. అంటే ఈ పాత ఎముక మీద కూడా మొసలి కంటే ముందే ఎవరో వచ్చారు. చేతిలో పదునైన రాయి ఉన్న ఎవరో, నది ఒడ్డున గొంతుకూర్చుని, మాంసం కోసుకుని, మిగిలింది వదిలేసి వెళ్ళారు. ఆ తర్వాతే మొసలి.

ఆమెకి ఒక్కసారిగా అరవాలనిపించింది. అరిచి ఎవరికి చెప్పాలా అనుకునేలోపే కాళ్ళు అతని గది వైపు పరుగెత్తాయి. కోపం ఇంకా ఉంది. అది తర్వాత చూసుకోవచ్చు.

గదిలో అతను లేడు. కారిడార్‌లో ఊడుస్తున్న ఆవిడ, "రాళ్ళాయన చెంప పట్టుకుని పోయాడమ్మా. రాయి లేకుండా ఎముక లోపలి మూలుగ తీయగలమా అని పంటితో కొరికి చూశాడట. పన్ను విరిగింది. పక్క సందులో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు" అంది.

పక్క సందులో ఉన్నది ఒక్కరే పళ్ళ డాక్టరు.

ఆ సమయానికి అతను ఆ డాక్టరుగారి కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మత్తు సూది పడి నాలుకా పెదవీ మొద్దుబారాయి. నోట్లో దూది. పైన పెద్ద లైటు. లైటు పక్కనుంచి కళ్ళజోడు వేసుకున్న ముఖం ఒకటి అతని పై వరసని తీరిగ్గా చూసింది.

"ఊఁ. వంకరే. రాళ్ళబ్బాయివి నువ్వేనన్నమాట. నోరు కదపకు. అవునంటే ఒక వేలు, కాదంటే రెండు వేళ్ళు ఎత్తు."

అతను బిక్కుబిక్కుమంటూ ఒక వేలు ఎత్తాడు.

"మా అమ్మాయి శుక్రవారం నుంచి సరిగ్గా తినట్లేదు. కారణం నువ్వేనా?"

ఒక వేలు.

"తప్పు దానిదా?"

రెండు వేళ్ళు.

"నయం. నిజం చెబుతున్నావు" అంటూ ఆవిడ విరిగిన పన్ను అంచు నునుపు చేసి, దాని మీద తొడుగు బిగిస్తోంది. "అయితే దానికి అప్పుడే చెప్పడానికేం? ఎందుకు దాచావు..."

తలుపు ధడాలున తెరుచుకుంది. జుట్టునుంచి నీళ్ళు కారుతూ, వగరుస్తూ ఆమె నిలబడి ఉంది.

"గీత ఒకటి ఉంది. కింద. మొసలి గాటు కింద. రాయి గాటు. ముందు మనుషులు కోశారు, తర్వాతే మొసలి కొరికింది. మన ఎద్దు ఎముక మీద ఎలా ఉందో అచ్చం అలాగే. నువ్వు చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. నేను చూపించిన గాట్లు మాత్రం కావు."

అతను లైటుకి తల కొట్టుకునేంత వేగంగా లేచి కూర్చున్నాడు. ముఖమంతా కళ్ళే అయ్యాయి. ఏదో చెప్పాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "హే హిహం? హీ హా ఏఖహా?"

"ఏమంటున్నాడు?" అంది ఆమె.

"నిజమా, గీత ఒకటేనా అంటున్నాడు" అంది వాళ్ళమ్మ పనిముట్లు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళుగా నేను వింటున్న భాష ఇదే కదా. నాకు బాగా వచ్చు."

"ఒకటే. కానీ ఒకటి చాలు. కాదా?"

అతను తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా చాలాసేపు మాట్లాడాడు. నోట్లో దూది అటూ ఇటూ దొర్లింది. ఒక పెదవి మాట విన్నది, ఇంకొకటి వినలేదు.

ఆమె అమ్మ వైపు చూసింది.

వాళ్ళమ్మ గొంతు సవరించుకుంది. "తప్పు చేశాను అంటున్నాడు. నువ్వు బాధపడతావని దాచానన్నది సగం నిజమేనట. మిగతా సగం ఏంటంటే, గాట్ల సంగతి తేలిపోతే ఇక తన గదికి రావడానికి నీకు పనుండదేమోనని భయపడ్డాడట. ఇంకొన్నాళ్ళు మైక్రోస్కోపు చెడిపోతే బావుండుననుకున్నాడట."

"అంత పొడుగ్గా చెప్పాడా?"

"దూది ఉంది కదా, కుదించి చెప్పాడు. నేను విప్పి చెబుతున్నాను. నమ్మకపోతే అతన్నే అడుగు."

ఆమె అతని వైపు తిరిగింది. మొద్దుబారిన ముఖంతో, చొక్కా మీద నీళ్ళ మరకలతో, ఒకవైపుకి వాలిన పెదవితో అతను ఎంత అన్యాయంగా కనిపిస్తున్నాడంటే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని అంది: "నా గురించి ఇంకెప్పుడైనా చేదు నిజం తెలిస్తే?"

అతను ఏదో అన్నాడు.

"మొదట నీకే చెబుతాడట" అంది వాళ్ళమ్మ. "ఆ రోజే. కాఫీ తాగకముందే."

ఆమె కుర్చీ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "పద మరి. సార్‌కి ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెప్పాలని వచ్చేశాను. ఆ పెట్టె ఇవాళ స్టోర్‌కి వెళ్ళకూడదు."

వాళ్ళమ్మ అతని మెడలోంచి తువ్వాలు తీసింది. "పన్ను బాగుచేశాను. గంటదాకా ఏమీ తినకు. ఇక పన్నుతో ఎముకలు కొరక్కు, అందుకే కదా మనవాళ్ళు రాళ్ళు కనిపెట్టింది. ఇంకో మాట." ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని ఒకసారి పరీక్షగా చూసింది. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. నోరు పనిచేస్తున్నప్పుడు నిన్నొకసారి చూడాలి. వాళ్ళ నాన్నకి నా తర్జుమా అంటే నమ్మకం తక్కువ. నువ్వే చెప్పుకోవాలి."

"అమ్మా" అంది ఆమె.

"నేనేమన్నాను? భోజనం అన్నాను."

వీధిలో వాన ఇంకా జోరుగానే ఉంది. అమ్మ ఇచ్చిన పెద్ద గొడుగు కింద ఇద్దరూ మ్యూజియం వైపు దాదాపు పరుగులాంటి నడకతో బయల్దేరారు. ఆమె ఆపకుండా చెబుతూనే ఉంది, గీత ఎలా కనిపించిందో, కుర్చీకి సారీ ఎలా చెప్పిందో. ఆ నది ఒడ్డున రాయి పట్టుకున్న మనిషి ఒంటరిగా వచ్చి ఉంటాడా, పక్కన ఇంకొకరుండి ఉంటారా అని అడిగింది. అది ఎముకల్లో రాసి ఉండదని తనే అనుకుంది.

రోడ్డు దాటే చోట ఆగాల్సి వచ్చింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, మొద్దుబారిన నోటితోనే, కష్టపడి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మూడు మాటలు చెప్పాడు. అక్షరాలన్నీ తప్పే. చుట్టూ బండ్ల హోరు, వాన చప్పుడు. పక్కన నిలబడ్డ వాళ్ళెవరికీ ఒక్క ముక్క అర్థమై ఉండదు.

ఆమెకి మాత్రం ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమైంది.

"నేనూ అంతే" అంది. అని, సిగ్నలు పడగానే అతన్ని లాక్కుంటూ పరుగెత్తింది.